మంచు వాలుల విడిది ఎంపిక: తొలిసారి స్కీయింగ్, పరిమిత బడ్జెట్, కుటుంబ ప్రయాణం

లక్ష్యాలు

ఈ భాగం చదివాక మీరు తొలిసారి స్కీయింగ్ నేర్చుకునే కుటుంబానికి తగిన గమ్యాన్ని కారణాలతో సహా సూచించగలగాలి. ప్రయాణ ఖర్చు, విడిది ఖర్చు, శిక్షణ ఖర్చు మధ్య ఉండే సంబంధాన్ని లెక్కగట్టగలగాలి. మన ప్రాంతపు సెలవులనూ హిమాలయాల్లో మంచు కురిసే కాలాన్నీ పక్కపక్కన పెట్టి ప్రయాణ తేదీలు నిర్ణయించగలగాలి.

పరిచయం

తెలుగులో 'మంచు' అనే మాట ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ధనుర్మాసంలో ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే. గడ్డిపరక మీద నిలిచే బిందువూ మంచే. హిమాలయాల్లో మోకాలి లోతు పేరుకునేదీ మంచే. అందుకే 'మంచు చూడాలి' అని పిల్లలు మారాం చేస్తే కొందరు లంబసింగి వెళ్లి వస్తారు. చింతపల్లి మండలంలో సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి 'ఆంధ్రా కశ్మీర్' అని పేరు. చలికాలపు రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిన సందర్భాలున్నాయి. అయినా అక్కడ కనిపించేది పొగమంచు, ఎప్పుడైనా గడ్డి మీద గడ్డకట్టిన తుషారం. జారడానికి పనికివచ్చే హిమం కాదు.

కారణం తెలుసుకోవడం కష్టం కాదు. లంబసింగిలో బాగా చలి పుట్టేది ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో. మబ్బు అడ్డు లేకపోవడంతో నేల వేడి పైకి పోతుంది. మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గుతుంది. హిమం కురవాలంటే మబ్బూ, తేమా, సున్నాకు దిగువన గాలీ ఒకేసారి కలిసి రావాలి. మన తూర్పు కనుమల్లో ఆ మూడూ కలవవు. కాబట్టి స్కీయింగ్ అనుకున్న కుటుంబం ఉత్తరానికి వెళ్లవలసిందే. విజయవాడ నుంచి న్యూఢిల్లీకి రైలు మార్గం సుమారు 1,750 కిలోమీటర్లు. అసలు ప్రయాణం మొదలయ్యేది అక్కడి నుంచే.

ఈ భాగమంతటా ఒక ఊహా కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తండ్రి విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. తల్లి ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పాపకు 11 ఏళ్లు, బాబుకు 7. నాయనమ్మకు 64, మోకాళ్ల నొప్పులు. చీటీ పాడగా చేతికి వచ్చిన డబ్బుతో ఒక్కసారి వెళ్లిరావాలని వారి కోరిక. ఆ డబ్బు మళ్లీ ఎప్పుడు కూడుతుందో తెలియదు. అందుకని ఎంపికలో పొరపాటు జరిగితే సర్దుకునే వీలు లేదు. మీరు రేపు ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసినా, మీ ఇంటివారికే సలహా చెప్పినా ఎదురయ్యేది ఇటువంటి కుటుంబమే.

తొలి అభ్యాసకుడికి కావలసిన వాలు

ప్రకటనల్లో కనిపించే నిటారు శిఖరాలు కొత్తవారికి పనికిరావు. స్కీయింగ్‌లో మొదటి పాఠం జారడం కాదు, ఆగడం. రెండు స్కీ పలకల ముందు కొనలను దగ్గరకు తెచ్చి, వెనుక కొనలను దూరంగా నెట్టితే పలకల లోపలి అంచులు మంచులోకి దిగి వేగాన్ని తగ్గిస్తాయి. దీన్ని స్నోప్లో అంటారు, అంటే మంచు నాగలి. నాగలి కర్రు నేలను పట్టినట్టే పలక అంచు మంచును పడుతుంది. ఈ ఒక్క పని కాళ్లకు అలవాటు కావడానికి పెద్దవారికి ఒక రోజు పట్టవచ్చు. పిల్లలు సాధారణంగా త్వరగానే పట్టుకుంటారు. వారి శరీరం నేలకు దగ్గర, పడితే భయమూ తక్కువ.

కాబట్టి మీరు వెతకవలసింది తక్కువ ఏటవాలుతో, వెడల్పుగా, చివర సమతలంగా ఉండే వాలు. చివర సమతలం ఉంటే ఆగడం రానివారు కూడా తమంతట తామే ఆగుతారు. లోయ అంచున ముగిసే వాలు ఎంత అందంగా ఉన్నా కొత్తవారికి వద్దు. అమెరికాలో, ఐరోపాలో వాలులను కష్టాన్ని బట్టి రంగులతో గుర్తిస్తారు. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక వాలుకు గుర్తు. అక్కడ రాత్రివేళ యంత్రాలతో మంచును దువ్వి చదును చేస్తారు. డెన్వర్‌లో ఉన్న బావగారు పంపిన ఫొటోలు చూసి మన దేశంలోనూ అంతే అనుకుంటే నిరాశ తప్పదు. ఇక్కడ చదును చేసిన వాలులు తక్కువ, రంగు గుర్తులు అంతటా ఉండవు. ఆ లోటును పూడ్చేది శిక్షకుడు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. పర్యాటకుల రద్దీ ఉన్న వాలుల దగ్గర పలకలు అద్దెకిచ్చి, చేయి పట్టుకుని నాలుగు సార్లు జార్చి, ఫొటో తీసి పంపేస్తారు. అది సరదా, తప్పేమీ లేదు. కాని అది శిక్షణ కాదు. శిక్షణ అంటే గంటల లెక్కన, రోజుల వరసన సాగేది. బేరం మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఎన్ని గంటలు నేర్పుతారు? ఒక శిక్షకుడి దగ్గర ఎంతమంది ఉంటారు? శిక్షకుడికి ఏ సంస్థ ధృవపత్రం ఉంది? మూడో ప్రశ్నకు జవాబు దాటవేస్తే వేరొకరిని చూసుకోవడం మేలు.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. శిక్షకులు ఎక్కువగా హిందీలోనే మాట్లాడతారు. మన ఏడేళ్ల బాబుకు హిందీ రాదు. 'రుకో' అంటే ఆగమని, 'ఝుకో' అంటే వంగమని ఇంటి దగ్గరే నేర్పి తీసుకువెళ్లాలి. మొదటి రోజు తల్లిదండ్రుల్లో ఒకరు పక్కన నిలబడి చెప్పడం ఇంకా మంచిది.

మంచు కాలం, మన సెలవులు

కృష్ణా డెల్టా వాసులకు వాన అంటే నైరుతి, తుపాను అంటే బంగాళాఖాతం. హిమాలయాల చలికాలపు మంచుకు ఈ రెండూ కారణం కావు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, ఆఫ్ఘనిస్థాన్‌ల మీదుగా తూర్పుకు కదిలివచ్చే అల్పపీడనాలు ఆ తేమను తెస్తాయి. వీటిని పశ్చిమ అలజడులు అంటారు. అవి వరసగా వస్తే మంచు నిలుస్తుంది. మొహం చాటేస్తే కొండలు గోధుమరంగులోనే మిగులుతాయి.

సాధారణంగా డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు స్కీయింగ్ కాలం. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను 'చిల్లై కలాన్' అంటారు, తీవ్రమైన చలికాలమని భావం. అయితే ఈ లెక్క ఈమధ్య తప్పుతోంది. 2024 జనవరి మొదటి సగంలో గుల్మార్గ్ వాలులు మంచు లేక బోసిగా ఉండిపోయాయి. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మార్గ్‌లో ఫిబ్రవరి చివర జరగవలసిన పోటీలు చాలినంత మంచు లేక మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. జాతీయ స్థాయి పోటీలకే ఈ గతి పడితే, నెలల ముందే టికెట్లు కొన్న కుటుంబం గురించి ఆలోచించండి.

మన వైపు చూస్తే పిల్లల సెలవుల్లో ఇక్కడ పరిశీలించవలసినవి రెండు. వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి. అప్పటికి కొత్తవారు నేర్చుకునే వాలుల మీద మంచు ఉండదు. మే నెలలో మనాలి వెళ్లినవారు మంచు కోసం 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ దాకా, అదీ వాహనానికి అనుమతిపత్రం తీసుకుని వెళతారు. ఇక మిగిలింది సంక్రాంతి. సాధారణంగా జనవరి 10 ప్రాంతం నుంచి వారం పది రోజులు బడులు మూస్తారు. మంచు కాలమూ అదే. కాని డెల్టాలో సంక్రాంతికి ఊరు విడిచి వెళ్లడమంటే మాటలా? అల్లుళ్లు వచ్చే రోజులు, పిండివంటల రోజులు, పందేల రోజులు. మా అభిప్రాయం అడిగితే, పండగ ఒక ఏడు వదులుకోవడమా, లేక ఫిబ్రవరిలో బడికి వారం సెలవు పెట్టించడమా అన్నది కుటుంబం ముందే కూర్చుని తేల్చుకోవలసిన విషయం. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో రెండోది కుదరదు. పల్లెల్లో వ్యవసాయ కుటుంబాలకు మాత్రం జనవరి, ఫిబ్రవరి కొంత అనుకూలం. వరి కోత అయి, చేలో చల్లిన మినుము ఎదుగుతూ ఉండే కాలం అది. ధాన్యం డబ్బు చేతికి వచ్చే కాలమూ అదే.

రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు అయింది. జనవరి 10న బయలుదేరాలంటే నవంబరు రెండో వారంలో టికెట్ తీసుకోవాలి. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ. అంటే మన ఉదాహరణలో పాపకూ బాబుకూ సగం చార్జీ లెక్కవేసుకోవడం పొరపాటు. అయిదు బెర్తులకూ పూర్తి చార్జీయే.

ఏ చోటు?

గుల్మార్గ్ మంచు మన దేశంలో మేలైనదని స్కీయర్లు చెబుతారు. ఎత్తు సుమారు 2,650 మీటర్లు. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్ల చిల్లర. అక్కడి గోండోలా తీగమార్గం రెండు దశలు. మొదటిది కోంగ్‌డూరి వరకు, రెండోది అఫర్వాట్ పర్వతం మీద దాదాపు 3,950 మీటర్ల వరకు వెళుతుంది. కొత్తవారికి కావలసింది ఈ రెండూ కావు. గోల్ఫ్ మైదానం పక్కన ఉన్న మెత్తని వాలులే వారి బడి. అఫర్వాట్ పై వాలులు నిపుణులకే. 2023, 2024 ఫిబ్రవరి నెలల్లో అక్కడ మంచుచరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు మరణించారు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ కింద పనిచేసే భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ గుల్మార్గ్‌లోనే ఉంది. 2025 జూన్‌లో కాట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు మొదలైంది. విజయవాడ మీదుగా వారంలో కొన్ని రోజులు కాట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అయితే కాట్రా చేరడానికే రెండు రోజులకు పైన పడుతుంది. విమానం ఎక్కగలిగిన వారికి గుల్మార్గ్ మంచి ఎంపిక. ఎవరు వెళ్లినా బయలుదేరే ముందు ఆనాటి ప్రభుత్వ భద్రతా సూచనలు చూసుకోవాలి.

ఔలీ ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్‌కు పైన ఉంది. బదరీనాథ్ వెళ్లిన తెలుగువారికి జోషీమఠ్ కొత్త కాదు. మంగళగిరి నరసింహస్వామిని కొలిచే మనవారు అక్కడి నరసింహాలయాన్ని దర్శించకుండా రారు. ఔలీ వాలులు 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య పొడవుగా, క్రమంగా దిగుతాయి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు ఇక్కడ జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వసతి, భోజనం, శిక్షణ కలిపి కొన్ని రోజుల కోర్సులు నడుపుతుంది. ఖర్చు ముందే తెలుస్తుంది కాబట్టి బడ్జెట్ వేసుకునేవారికి ఇది పెద్ద వెసులుబాటు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. రిషీకేశ్ దాటాక 250 కిలోమీటర్ల ఘాటు రోడ్డు ఒక పగలంతా తీసుకుంటుంది. రెండోది, జోషీమఠ్‌లో నేల కుంగడంతో 2023 జనవరిలో అక్కడి నుంచి ఔలీకి ఉన్న నాలుగు కిలోమీటర్ల రోప్‌వేను ఆపేశారు. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో ఆ రోప్‌వే చూసి మోసపోకండి. అది నడుస్తోందో లేదో అడిగి తెలుసుకున్నాకే నాయనమ్మలాంటి వారిని తీసుకువెళ్లే సంగతి ఆలోచించాలి.

సోలాంగ్ లోయ మనాలికి 13 కిలోమీటర్ల దూరంలో, సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉంది. మంచు నాణ్యతలో గుల్మార్గ్‌కు సాటిరాదు, రద్దీ ఎక్కువ, ఫొటో స్కీయింగ్ బేరగాళ్లూ ఎక్కువే. కాని కుటుంబం కోణం నుంచి చూస్తే రెండు విషయాలు దీనికి కలిసివస్తాయి. ఢిల్లీ నుంచి ఒక్క రాత్రి బస్సు ప్రయాణంతో మనాలి చేరవచ్చు. బస చేసేది 2,050 మీటర్ల దగ్గర మనాలి పట్టణంలో కనుక ఆసుపత్రి, మందుల దుకాణం, అన్నం దొరికే హోటళ్లు అందుబాటులో ఉంటాయి. ఇంకొకటి, సోలాంగ్‌లో మంచు చాలకపోతే ప్రత్యామ్నాయం ఉంది. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటితే అవతల లాహౌల్ వైపు ఎత్తు 3,000 మీటర్లు మించుతుంది, అక్కడ మంచు దొరికే అవకాశం ఎక్కువ. భారీగా కురిసినప్పుడు ఆ దారి మూస్తారన్నది మరచిపోకూడదు. 2024 డిసెంబరు చివర్లో సోలాంగ్, అటల్ సొరంగం మధ్య వందలాది వాహనాలు మంచులో చిక్కుకున్నాయి. అందుకే క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలు వదిలేయడం తెలివైన పని.

సిమ్లా దగ్గర కుఫ్రీలో కొన్ని గంటల సరదాకు మించి ఆశించవద్దు. నార్కండ కొంచెం మెరుగు.

పది రోజుల సంక్రాంతి సెలవుల్లో మనాలికి రానుపోను నాలుగు రోజులు పోతే ఆరు మిగులుతాయి. రైలూ రోడ్డూ నమ్ముకుని ఔలీ వెళితే ఆరు రోజులు ప్రయాణానికే పోయి నాలుగు మిగులుతాయి. ఈ లెక్కతోనే మన ఆటోనగర్ కుటుంబానికి సోలాంగ్ సరిపోతుందని చెప్పవచ్చు. అదే ఇంటి నుంచి ఇరవై ఏళ్ల యువకుడు ఒంటరిగా, గట్టిగా నేర్చుకోవాలని వెళితే మేము ఔలీ కోర్సునో, మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కోర్సునో సూచిస్తాం. ఆ కోర్సులకు వయసు, వైద్య ధృవపత్రం నిబంధనలు ఉంటాయి. అవి కుటుంబ విహారానికి ఉద్దేశించినవి కావు.

ఖర్చు లెక్క

కింది అంకెలు పద్ధతి నేర్చుకోవడానికి ఊహించినవి మాత్రమే. ప్రయాణానికి అందరికీ కలిపి రూ. 40,000 అనుకుందాం. ఎన్ని రోజులున్నా ఇది మారదు కనుక స్థిర వ్యయం. బస, భోజనం రోజుకు రూ. 5,000. నేర్చుకునేవారు తండ్రి, పాప, బాబు. శిక్షణ, పరికరాల అద్దె ఒక్కొక్కరికి రోజుకు రూ. 2,000. ఇవి చల వ్యయాలు.

మూడు రోజులుంటే 40,000 + 15,000 + 18,000 = రూ. 73,000. ముగ్గురు మూడు రోజులు నేర్చుకున్నారు కాబట్టి తొమ్మిది అభ్యాస దినాలు. ఒక్కో దినానికి సుమారు రూ. 8,111. అయిదు రోజులుంటే 40,000 + 25,000 + 30,000 = రూ. 95,000. పదిహేను అభ్యాస దినాలు, ఒక్కో దినానికి సుమారు రూ. 6,333. మొత్తం పెరిగింది, సగటు తగ్గింది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మూడు రోజుల ప్రయాణంలో శిక్షకుడిని బేరమాడి సగానికి తగ్గిస్తే మిగిలేది రూ. 9,000, అంటే మొత్తంలో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతు కోసం నేర్పడం రానివాడిని కుదుర్చుకుంటే మిగతా ఏడు వంతులూ వృథా. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది. తగ్గించదలిస్తే గది అద్దెలో, పరికరాల నాణ్యత చెడని మేరకు అద్దెలో, తిరుగుడు ఖర్చులో తగ్గించాలి.

లెక్కలో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. ఆటోనగర్‌లో షెడ్డు మూసిన పది రోజులకు ఆదాయం రాదు. తల్లికి పండగ ముందు వచ్చే జాకెట్ల పని పోతుంది. దీన్ని అవకాశ వ్యయం అంటారు. జీతం మీద సెలవు పెట్టే ఉద్యోగికి ఇది ఉండదు కనుక, ఒకే ప్యాకేజీ ఇద్దరికీ ఒకే ధర కాదు.

చలి, ఎత్తు, నది

విజయవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్ల లోపే ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా 2,500 మీటర్లకు వెళితే కొందరికి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం కలుగుతాయి. చేరిన రోజు స్కీయింగ్ పెట్టుకోకుండా మనాలిలో విశ్రాంతి తీసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. నాయనమ్మకు రక్తపోటు, గుండె సంబంధమైన ఇబ్బందులుంటే ముందే వైద్యుడిని అడగాలి. అసలు ఆమెకు రావాలని ఉందో లేదో కూడా అడగాలి. చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

మన నూలు బట్టలు ఎండకు హాయి, మంచులో ప్రమాదం. నూలు తడిని పీల్చి త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా సింథటిక్, పైన స్వెటర్, ఆ పైన తడి చొరని కోటు, ఇలా పొరలుగా వేసుకోవాలి. కోటు, బూట్లు అక్కడ అద్దెకు దొరుకుతాయి. చేతి తొడుగులు, మేజోళ్లు మాత్రం సొంతవి రెండేసి జతలు ఉండాలి. చలికాలంలో మన పట్టణాల్లో టిబెటన్లు పెట్టే ఉన్ని దుకాణాల్లో కొనుక్కోవచ్చు. పిల్లలు చలిని ఎంత తట్టుకుంటారో ముందే చూడాలనుకుంటే, హైదరాబాద్‌లో 2004 నుంచి ఉన్న స్నోవరల్డ్‌లో ఒక గంట గడిపితే కొంత తెలుస్తుంది.

చివరగా, మంచుతో సంబంధం లేని ఒక హెచ్చరిక. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి హిమాచల్ విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో 24 మంది మండీ దగ్గర బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వారు ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగిన సమయంలో ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారు. మనాలి దారి పొడవునా పక్కన సాగేది ఆ నదే. కృష్ణలో పుష్కర స్నానాలు చేసి పెరిగిన మనకు నది అంటే మెట్లు దిగి మునిగే చోటు. కొండ నదికి మెట్లుండవు. దారిలో బస్సు ఆగినప్పుడు పిల్లలను నీటి అంచుకు పోనివ్వవద్దు.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి

1. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగినా హిమం ఎందుకు కురవదు?

2. పై లెక్కలో బస రోజులను నాలుగుగా తీసుకుని ఒక్కో అభ్యాస దినానికి సగటు ఖర్చు కట్టండి. నేర్చుకునేవారిలో తల్లి కూడా చేరితే ఆ సగటు పెరుగుతుందా, తగ్గుతుందా?

3. మచిలీపట్నంలో ఉంటున్న ఒక ఉపాధ్యాయ దంపతులు పదో తరగతి చదివే కొడుకుతో మంచు వాలులకు వెళ్లాలనుకుంటున్నారు. వారికి తేదీలు, గమ్యం సూచిస్తూ ఒక పుట మించకుండా లేఖ రాయండి. మంచు కురవకపోతే ఏం చేయాలో అందులో తప్పక చెప్పండి.